సివిల్‌లో మొదటి రెండేళ్లు: సైటా, డిజైన్ ఆఫీసా?

కొత్తబ్యాచ్:
సివిల్ ఫైనలియర్. రెండు ఆఫర్లున్నాయి: ఒకటి సైట్ ఇంజినీర్, రెండోది స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసులో ట్రైనీ. జీతం ఇంచుమించు ఒకటే. నాకు లెక్కలంటే ఇష్టం, ఎండంటే భయం (దాచడమెందుకు). సీనియర్లు మాత్రం ముందు సైట్‌కే వెళ్లమంటున్నారు. అలా వెళ్లినవాళ్లు మళ్లీ డిజైన్‌లోకి రాగలిగారా?

రసమట్టం:
సైట్‌కే వెళ్లు తమ్ముడూ. నేను డిజైన్‌లో మొదలుపెట్టి చేసిన తప్పు ఇది. మూడో ఏడు, నేను డిజైన్ చేసిన బీమ్-కాలమ్ జంక్షన్ దగ్గరికి రమ్మని సైట్ నుంచి ఫోన్. డ్రాయింగ్‌లో ఎనిమిది 25 ఎం.ఎం. కడ్డీలు ముచ్చటగా ఉన్నాయి. అక్కడ ల్యాప్ (కింది కడ్డీల పక్కనే పై కడ్డీలు కొంతదూరం జతగా నడిచే అతుకు) పడి పదహారయ్యాయి, పైగా రెండు వైపుల నుంచీ బీమ్ స్టీలు. మేస్త్రి, కాంక్రీటులో దించి కుదిపి సర్దే 40 ఎం.ఎం. వైబ్రేటర్ నీడిల్ నా చేతికిచ్చి, "ఎక్కడ దించాలో మీరే చూపించండి సార్" అన్నాడు. ఎక్కడా దిగలేదు. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం అన్నీ పాసే. ఆ అంతస్తుకి చిన్న కంకర వాడి ఎలాగో గట్టెక్కాం. పై అంతస్తుల్లో ల్యాప్‌ని కాలమ్ నడిమి ఎత్తుకి మార్చాను.

తూకంగుండు:
నేను ఒప్పుకోను. సైట్‌లో నా మొదటి ఏడాదంతా కూలీల హాజరు, సిమెంటు బస్తాల లెక్క, బిల్లులతోనే గడిచింది. స్లంప్ (తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో) చూడటం, బలం పరీక్షకి కాంక్రీటు క్యూబులు పోయడం వచ్చాయి, నిజమే. 28 రోజులకి క్యూబ్ ఫెయిలైతే ఎందుకైందో చెప్పే నాథుడు లేడు. రెండేళ్లకి డిజైన్ ఇంటర్వ్యూకి వెళితే, కంటిన్యుయస్ బీమ్‌కి (రెండు కన్నా ఎక్కువ ఆధారాల మీద సాగేది) బెండింగ్ మొమెంట్ డయాగ్రమ్, అంటే బీమ్‌ని వంచే ప్రభావం ఎక్కడ ఎంతో చూపే బొమ్మ, గీయమన్నారు. చేయి కదల్లేదు.

కవర్‌బ్లాక్:
మీ ఇద్దరికీ ఒకే ఉదాహరణ ఇస్తా. 1981 జూలైలో అమెరికాలోని కాన్సాస్ సిటీలో, హయత్ రీజెన్సీ హోటల్ లాబీలో వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి ఒకే రాడ్ నాలుగో అంతస్తు వంతెన గుండా రెండో అంతస్తు వంతెన దాకా దిగుతుంది. మధ్యలో నట్ బిగించాలంటే అంత పొడవునా మరలు కోయాలి. అది కుదరదని రాడ్‌ని రెండు ముక్కలు చేశారు. పైరాడ్ నాలుగో అంతస్తు వంతెనని మోస్తుంది, కిందిరాడ్ ఆ వంతెన బీమ్‌కే వేలాడుతుంది. అంతే, పై వంతెన బీమ్ కింద నట్ దగ్గర భారం రెట్టింపు! ఆ మార్పు ఇంజినీర్ల ముద్రతోనే వెళ్లింది, కొత్తగా లెక్క ఎవరూ కట్టలేదు. అసలు డిజైన్ కూడా బిల్డింగ్ కోడ్ (కట్టడాల నియమావళి) అడిగిన బలంలో 60 శాతమేనని తరవాత తేలింది.

రసమట్టం:
నేననేదీ అదేగా! సైట్ తెలిసినవాడు అలాంటి రాడ్ గీస్తాడా?

తూకంగుండు:
గీయకపోవచ్చు. కానీ ప్రాణాలు తీసింది మొదటి రాడ్ కాదు, మార్చిన రాడ్. తయారీ తెలిసినవాళ్లే మార్చారు. ఒక్క ఫ్రీ బాడీ డయాగ్రమ్ (ఒక భాగాన్ని విడదీసి దాని మీది బలాలన్నీ చూపే బొమ్మ) గీసి ఉంటే బరువు ఏ దారిన దిగుతోందో అక్కడికక్కడే కనపడేది. అది పట్టుకునే అలవాటు లెక్కల బల్ల దగ్గర వస్తుంది, బస్తాలు లెక్కపెడితే రాదు.

రసమట్టం:
ఆ మాట కాదనలేను. బస్తాల లెక్కే పని అయితే రెండేళ్లు ఎక్కువే.

కవర్‌బ్లాక్:
తమ్ముడూ, రెండు చోట్లా ఒకటే అడుగు. డిజైన్ ఆఫీసు వాళ్లు కాంక్రీట్ పోసేముందు కడ్డీలు సరిచూసే స్టీల్ చెకింగ్‌కి ట్రైనీని పంపుతారా? సైట్‌లో బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ కడ్డీ ఎంత పొడవు, ఎలా వంచాలో చెప్పే పట్టిక) నీతో వేయిస్తారా, లేక బయటినుంచి వస్తుందా? ఉద్యోగం పేరు చూసి తేల్చుకోకు.

కొత్తబ్యాచ్:
అడిగానన్నా. డిజైన్ వాళ్లు స్లాబ్ పోసే ముందురోజు చెకింగ్‌కి వెంట తీసుకెళ్తారట. సైట్ వాళ్లని అడిగితే "అన్నీ చేయాలి" అన్నారు. అన్నీ అంటే?

తూకంగుండు:
హాజరు పట్టీ. తరవాత బస్తాలు.

రసమట్టం:
అయితే డిజైన్‌కే వెళ్లు. చెకింగ్ రోజు మాత్రం కడ్డీలు లెక్కపెట్టి వచ్చేయకు. నీడిల్ తెప్పించి ప్రతి జంక్షన్‌లో దించి చూడు. మర్నాడు కాంక్రీట్ లారీ వచ్చి నిలబడ్డాక చూస్తే నాలాగే ఉంటుంది.