మబ్బు కమ్మిన శీతకాలపు రోజుల్లో గ్లైడర్ శిక్షణకు వెళ్లడం దండగా?

ప్రశ్న:
నేను ఒక గ్లైడింగ్ (ఇంజను లేని విమానం నడిపే) క్లబ్బులో శిక్షణ పొందుతున్నాను, ఇంకా ఒంటరిగా ఎగరలేదు. ఈ శీతకాలంలో రోజంతా మబ్బు పట్టి ఉండడం వల్ల థర్మల్స్ (పైకి లేచే వేడిగాలి ప్రవాహాలు) పుట్టడం లేదు; వించ్ (తాడును వేగంగా చుట్టి గ్లైడర్‌ను పైకి లాగే యంత్రం) సాయంతో పైకి లేచిన గ్లైడర్ కొద్ది నిమిషాలకే దిగిపోవలసి వస్తోంది. చలిలో గంటల తరబడి వంతు కోసం ఎదురుచూసే బదులు, ఎండలు ముదిరే దాకా ఆగడం మంచిదా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
ఆగవద్దండి. ఎండ నేలను వేడెక్కించకపోతే గాలి పైకి లేవదు కనుక, ఎక్కువసేపు ఎగరలేమన్న మాట నిజమే. ఏఎస్‌కే 21 వంటి రెండు సీట్ల గ్లైడర్ కదలిక లేని గాలిలో సెకనుకు సుమారు 0.7 మీటర్ల చొప్పున దిగుతుంది, మలుపుల్లో ఇంకా వేగంగా దిగుతుంది. వించ్ తాడు 400 మీటర్ల ఎత్తున విడిపోయిందనుకుంటే, ల్యాండింగ్ సర్క్యూట్ (దిగేముందు మైదానం పక్కగా చుట్టి వచ్చే దారి) కోసం అందులో సగం మిగుల్చుకోవాలి. అంటే మీ చేతిలో ఉండేది నాలుగైదు నిమిషాలే. కానీ ఒంటరిగా ఎగరబోయే వారికి లాంచ్, సర్క్యూట్, ల్యాండింగ్ మళ్లీ మళ్లీ చేయడమే ముఖ్యం. పైగా కుదుపులు లేని గాలిలో మన తప్పు దాగదు: క్యానపీ (పైలట్ తలపై ఉండే పారదర్శక కప్పు) మీద అతికించిన ఊలు దారం పక్కకు వాలిందంటే, రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) పెడళ్ల మీద మన కాళ్లు సరిగా పనిచేయలేదన్నమాటే.

సమాధానం 2:
పై సలహా సరైనదే గాని, మబ్బు ఎంత ఎత్తున ఉందన్నది ముందు చూడాలి. మబ్బు అడుగు లాంచ్ ఎత్తుకు దగ్గరగా ఉంటే, అందులోకి దూసుకుపోకముందే తాడు వదలాలి. మబ్బు మరీ కిందికి దిగితే ఆ రోజుకు ఎగరడం మానుకోవాలి. రెక్కలపై మంచు పేరుకుంటే పూర్తిగా తుడిచాకే లాంచ్‌కు సిద్ధం కావాలి. ఊపిరి ఆవిరికి క్యానపీ మసకబారుతుంది కాబట్టి గాలి వచ్చే మార్గం మొదటి నుంచే తెరిచి ఉంచండి. చినుకులు పడి రెక్కలు తడిస్తే స్టాల్ వేగం (అంతకు తగ్గితే రెక్కలు గ్లైడర్‌ను మోయలేని వేగం) పెరుగుతుంది, గ్లైడర్ త్వరగా దిగుతుంది; ల్యాండింగుకు వచ్చేటప్పుడు వేగం కొంత పెంచుకోవాలి.

సమాధానం 3:
తాడు తెగినప్పుడు ఏం చేయాలన్నది సాధన చేయడానికి ఇంతకంటే మంచి రోజులు దొరకవు, మీ శిక్షకుణ్ణి అడిగి చేయించుకోండి. ముందు ముక్కు దించాలి, వేగం అందుకుందని మీటరులో చూసి నిర్ధారించుకున్న తర్వాతే మలుపు తిరగాలన్నా, ఎయిర్‌బ్రేకులు (రెక్కలపై లేచి గ్లైడర్‌ను త్వరగా దించే పలకలు) తెరవాలన్నా. ముక్కు దించగానే వేగం వచ్చేసిందని చాలామంది అనుకుంటారు, కానీ అది అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది.