ట్యాంకుకి స్ప్రే క్యాన్ పెయింట్: పెట్రోల్ పడితే నిలుస్తుందా?

ప్రశ్న: బైక్ ట్యాంకు, సైడ్ ప్యానెళ్లకి ఇంట్లోనే స్ప్రే క్యాన్లతో రంగు వేద్దామనుకుంటున్నా. పాత పెయింట్ మొత్తం గీకేయాలా? పెట్రోల్ ఒలికితే కొత్త రంగు లేచిపోతుందంటున్నారు, నిజమేనా?

జవాబు 1: పాతది గట్టిగా అంటుకుని ఉంటే మొత్తం గీకక్కర్లేదు బ్రో. 400 నంబరు వాటర్ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, తుప్పు ఉన్నచోట మాత్రం లోహం కనిపించేదాకా తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచి ప్రైమర్ (రంగు పట్టుకోడానికి ముందుగా వేసే అడుగు కోటు) కొట్టు. తుడిచాక చేత్తో ముట్టుకోకు.

జవాబు 2: పెట్రోల్ సంగతి నిజమే. మామూలు క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పూత) మెత్తబడి ముడతలు పడుతుంది. 2కే (2K, రెండు భాగాలు కలిసి గట్టిపడే రకం) క్లియర్ తీసుకో. క్యాన్ అడుగున ఉన్న బటన్ నొక్కితే లోపల హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) కలుస్తుంది, ఇక క్యాన్ మీద రాసిన టైంలోపు వాడేయాల్సిందే, మిగిలింది దాచుకుందామంటే లోపలే గట్టిపడుతుంది. ఇంకోటి, అందులో ఐసోసయనేట్లు (పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే రసాయనాలు) ఉంటాయి, గుడ్డ మాస్కు దండగ. సరైన ఫిల్టర్లున్న రెస్పిరేటర్, గ్లవ్స్ పెట్టుకుని గాలి బాగా ఆడేచోట కొట్టు. ఇవి లేకపోతే క్లియర్ పని షాపుకి ఇచ్చేయడమే మేలు.

జవాబు 3: సైడ్ ప్యానెళ్ల మీద ఉత్త ప్లాస్టిక్ బయటపడితే ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పడాలి, లేదంటే పెచ్చులే. 20-25 సెంటీమీటర్ల దూరం నుంచి పల్చటి కోట్లు, మధ్యలో ఓ 10 నిమిషాల గ్యాప్. ఒకేసారి దట్టంగా కొడితే కారుతుంది. వాన ముసురులో మాత్రం వద్దు, తెల్లగా మసకబారుతుంది.