ఒకే ఇయర్‌ఫోన్‌లో సోలో, ఇంటర్‌కామ్ రెండూ వినాలంటే?

బెజవాడ_మిక్స్: షోలో నాది ఎం32 సౌండ్ మిక్సింగ్ కన్సోల్, క్రూతో మాట్లాడే ఇంటర్‌కామ్‌కి క్లియర్‌కామ్ వైర్డ్ బెల్ట్‌ప్యాక్ (నడుముకి తగిలించుకునే పెట్టె, హెడ్‌సెట్ దానికే). సోలో (ఎంచుకున్న ఛానెల్‌ని మాత్రమే ఇయర్‌ఫోన్‌లో) వినాలంటే ఇంటర్‌కామ్ హెడ్‌సెట్ తీయాలి. సరిగ్గా అప్పుడే స్టేజ్ మీదివాళ్లు "అన్నా, మైక్ మారుస్తున్నాం, మ్యూట్ చెయ్" అంటారు. ఇంటర్‌కామ్ లైన్ నేరుగా కన్సోల్‌కి ఇవ్వొచ్చా?

పాత_కేబుల్: వద్దు తమ్ముడూ! ఆ లైన్ కనెక్టర్‌లో పిన్ 2 మీద 30 వోల్టుల డీసీ ఉంటుంది, ఆడియో పిన్ 3లో. ఆ డీసీ కన్సోల్‌కి చేరకుండా మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఇంటర్‌ఫేస్ పెట్టాల్సిందే. దాని అవుట్‌పుట్, కన్సోల్ ఫోన్స్ అవుట్‌పుట్ ఒక చిన్న మిక్సర్‌కి ఇవ్వు. ఇంటర్‌కామ్‌ని ఎడమ చెవికి పాన్ చెయ్ (ఆ వైపుకే పంపు), పాటలో మాట కలిసిపోదు.

ఫేడర్_రాజు: మిక్సరే నయం. కన్సోల్ సోలో బస్‌లో (సోలోలన్నీ కలిసి ఇయర్‌ఫోన్‌కి వెళ్లే దారి) కలిపితే, క్లియర్ సోలో (సోలోలన్నీ ఆపే బటన్) నొక్కగానే ఇంటర్‌కామ్ కూడా పోతుంది.

బెజవాడ_మిక్స్: మరి మాట్లాడటానికి?

పాత_కేబుల్: హెడ్‌సెట్ మెడలో ఉంచుకో. మాట్లాడనప్పుడు టాక్ బటన్ మాత్రం ఆఫ్ చెయ్, లేకపోతే సింగర్ గురించి నీ గొణుగుడంతా క్రూ వింటుంది.