మా ఆవిడకి వీడీఆర్‌ఎల్ రియాక్టివ్ వచ్చింది, నేనూ పరీక్ష చేయించుకోవాలా?

పేట లారీ:
మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. లారీ మీద నాగపూర్ దాకా తిరుగుతాను. మా ఆవిడకి నాలుగో నెల. మొన్న ఆసుపత్రిలో రక్తం తీసి, హెచ్‌ఐవీ లేదు గానీ వీడీఆర్‌ఎల్ రియాక్టివ్, 1:16 అని రాశారు. అంటే సిఫిలిస్ అనే సుఖవ్యాధి అట. తనకి ఒంట్లో ఏ బాధా లేదు. మా అమ్మ అప్పుడే కోడల్ని మాటలనడం మొదలెట్టింది.

నిజం చెప్తున్నా. ఏడాది కిందట బండి మీద ఉన్నప్పుడు ఒకసారి బయట ఒకామె దగ్గరికి వెళ్లాను. నెల తిరక్కుండా కింద చిన్న పుండు లేచింది. నొప్పీ లేదు, దురదా లేదు. మందుల షాపులో ఆయింట్‌మెంట్ ఇస్తే రాశాను, మూడు వారాల్లో మానింది. ఇక మర్చిపోయాను. ఇప్పుడు బిడ్డకి ఏమవుతుంది? నాకూ పరీక్ష అవసరమా?

శీను, తెనాలి:
అన్నా, కడుపుతో ఉన్నప్పుడు ఈ పరీక్ష ఉత్తినే రియాక్టివ్ వస్తుందంట. కంగారు పడకు, రెండు నెలలు ఆగి మళ్లీ చేయించు.

పాత కౌన్సెలర్:
ఆగొద్దు నాయనా. సర్కారు ఆసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష, సలహా ఇచ్చే ఐసీటీసీ కేంద్రంలో పదహారేళ్లు కౌన్సెలర్‌గా కూర్చున్నాను. ఇలాగే ‘చూద్దాం’ అని ఆగిన ఒకమ్మాయికి ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆ భార్యాభర్తల మొహాలు నాకింకా గుర్తే.

శీను చెప్పినట్టు వీడీఆర్‌ఎల్ ఒక్కోసారి తప్పు చూపిస్తుంది, నిజమే. అందుకే టీపీహెచ్‌ఏ అని ఇంకో పరీక్ష చేస్తారు. కానీ గర్భిణికి ఆ రిపోర్టు కోసం వైద్యం ఆపకూడదు. సిఫిలిస్ పుండు మందు లేకపోయినా మానుతుంది. నీ పుండు మాన్పింది ఆయింట్‌మెంట్ కాదు, అది దానంతటదే మానింది, జబ్బు రక్తంలో ఉండిపోయింది. పుండు మానగానే తగ్గిందనుకునే మగవాళ్లని ఎంతమందిని చూశానో.

మందు బెంజతీన్ పెన్సిలిన్ సూది. విడతకి 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకీ సగం సగం వేస్తారు. బాగా నొప్పి పుడుతుంది, అమ్మాయికి ముందే చెప్పు. ఎప్పుడు సోకిందో తేలకపోతే వారానికొకటి చొప్పున 3 వారాలు. మధ్యలో వారం తప్పితే గర్భిణికి మళ్లీ మొదటినుంచి వేయాల్సి రావచ్చు. కడుపులో బిడ్డకి కూడా పనిచేసే మందు ఇదే, మాత్రలతో సరిపెట్టుకోవద్దు. మొదటి సూది రోజు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. పొట్ట బిగుసుకున్నా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే ఆసుపత్రికి పోండి.

నువ్వు సర్కారు ఆసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌కి వెళ్లు. వీడీఆర్‌ఎల్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి మూడూ చేయించుకో. నీకు వైద్యం కాకపోతే ఆమెకి మళ్లీ నీ నుంచే అంటుకుంటుంది. ఇద్దరికీ ఆఖరి సూది పడి వారం గడిచేదాకా కలవొద్దు. ఆ తర్వాత కండోమ్ వాడు, సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. వెళ్లడానికి మొహమాటమైతే ముందు 1097 హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, డబ్బు పడదు.

పేట లారీ:
పెన్సిలిన్ పడక మా మేనమామకి ఒళ్లంతా దద్దుర్లొచ్చాయి మేడమ్. అదే భయం.

పాత కౌన్సెలర్:
మీ మేనమామకి పడకపోతే మీ ఆవిడకీ పడదని లేదు. అయినా డాక్టరుకి చెప్పు. ముందు చర్మం మీద చుక్క వేసి చూస్తారు. నిజంగానే పడకపోతే పెద్దాసుపత్రిలో కొద్దికొద్దిగా అలవాటు చేసి వేస్తారు. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టు.

పేట లారీ:
బుధవారం ఇద్దరం వెళ్లాం. నాదీ రియాక్టివే, హెచ్‌ఐవీ, హెపటైటిస్ లేవు. మొదటి సూది ఇద్దరికీ పడింది. తనకి రాత్రి జ్వరమొచ్చి పొద్దున్నకి తగ్గింది. దారిలో బస్సులోనే చెప్పేశాను, అది నా వల్లేనని. ఊరు వచ్చేదాకా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అమ్మకి కూడా నేనే చెప్పాను. వచ్చే బుధవారం రెండో సూది, బండి వేరేవాళ్లకి అప్పగించాను.