ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్: ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ ఆడేవారి అనుభవాలు

మారే షిఫ్టు (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటను తీరిక వేళల్లో ఆడాలనుకుంటున్నాను. ఫలానా రాత్రి ఫలానా గంటకు జట్టంతా హాజరు కావాలనే ఆటలు నా షిఫ్టులతో కుదరలేదు; ఇందులో ఒక్కడినే, వీలైనప్పుడు ఆడుకోవచ్చని విన్నాను. రూన్‌స్కేప్ ఆటకు 2007 ఆగస్టు నాటి ప్రతిని ఆధారంగా తీసుకుని జాగెక్స్ సంస్థ 2013 ఫిబ్రవరిలో దీన్ని తెరిచిందనీ, 2018 నుంచి ఫోన్‌లోనూ ఆడవచ్చనీ తెలుసు. నాకు కావలసింది ఆడుతున్నవారి అనుభవం. మన దగ్గర నుంచి ఆడితే నెట్ ఆలస్యం ఎంత ఇబ్బంది పెడుతుంది? డబ్బు కట్టకుండా ఎంతవరకు ఆడవచ్చు? అన్నిటికంటే ముఖ్యంగా, ఉద్యోగం చేసుకునే మనిషికి ఇది సరదాగానే ఉంటుందా, లేక రోజంతా తినేస్తుందా?

పిండిమర

మొదటి ప్రశ్నకు జవాబు సులువు. ఈ ఆట 0.6 సెకన్లకొక అడుగు చొప్పున నడుస్తుంది. ఆ అడుగును టిక్ అంటాం. మధ్యలో మీరు ఎప్పుడు నొక్కినా పని జరిగేది తర్వాతి టిక్‌లోనే కాబట్టి, తుపాకి ఆటల్లో ఓడించేసే ఆలస్యం ఇక్కడ చాలావరకు తెలియనే తెలియదు. లాగిన్ అయ్యేటప్పుడు వరల్డ్‌ల (ఆట నడిచే సర్వర్ల) జాబితాలో పింగ్ (నెట్ ఆలస్యం) తక్కువగా చూపించేదాన్ని ఎంచుకుంటే చాలు.

డబ్బు కట్టకుండా 15 నైపుణ్యాలు నేర్చుకోవచ్చు, గడువేమీ లేదు. డబ్బు కట్టి మెంబర్‌షిప్ తీసుకున్నవారికి 2025లో వచ్చిన సెయిలింగ్‌తో కలిపి 24. మొదట ఉచితంగానే ఆడి, ఆటలోని లంబ్రిడ్జ్ కోటలో వంటవాడి క్వెస్ట్ (కథతో కూడిన పని) చేయండి. ప్రభువు పుట్టినరోజు కేకుకు గుడ్డు, పాలు, పిండి కావాలంటాడు. పిండి మీరే చేసుకోవాలంటే, పొలంలో గోధుమ కోసుకుని, మర పై అంతస్తు దాకా నిచ్చెనలెక్కి, గింజలు తొట్టిలో పోసి, మీట లాగి, మళ్లీ కిందికి దిగి ఖాళీ కుండలో పట్టుకోవాలి. ఇంత చిన్న పనిని ఇన్ని మెట్లుగా చేయించడం మీకు ముచ్చటగా అనిపిస్తే ఈ ఆట మీది. విసుగనిపిస్తే అక్కడితో ఆపేయడమే మేలు, ఎందుకంటే ముందున్నదంతా ఇదే స్వభావం.

సుగంధి (డాలస్)

నేను, విజయవాడలో ఉండే మా తమ్ముడు, పుణెలో ఉండే మా పిన్ని కూతురు కలిసి గ్రూప్ ఐరన్‌మ్యాన్ ఆడుతున్నాం. ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఒక గుంపుగా ఏర్పడవచ్చు; బయటివారితో ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు, ఆటగాళ్ల ఉమ్మడి సంత అయిన గ్రాండ్ ఎక్స్ఛేంజ్‌లో కొనడమూ ఉండదు. కావలసిన ప్రతి వస్తువూ మాలో ఎవరో ఒకరు సంపాదించి ఉమ్మడి గిడ్డంగిలో పెట్టవలసిందే. నాకు తెల్లవారేసరికి వాళ్లకు సాయంత్రమవుతుంది గనుక ముగ్గురం ఒకేసారి ఆడేది అరుదు, కానీ గిడ్డంగి తెరిస్తే తమ్ముడు కరిగించి పెట్టిన స్టీలు కడ్డీలు కనిపిస్తాయి, వాటికి బదులుగా నేను మూలికలు పెడతాను. పెళ్లయి ఇక్కడికి వచ్చాక మా ఫోన్ మాటలు "తిన్నావా, ఒంట్లో ఎలా ఉంది" దగ్గరే ఆగిపోతుండేవి. ఇప్పుడు మాట్లాడుకోవడానికి మాకంటూ ఒక పని ఉంది. ఒంటరిగా ఆడుకోవచ్చన్నది నిజమే, అయినా మీకు దూరాన ఉన్న తోబుట్టువులుంటే ఈ పద్ధతి ఒకసారి చూడండి.

కొలిమి

నెమ్మదైన ఆట అన్న మాట అంతటా నిజం కాదని చెప్పాలి. ఫైట్ కేవ్స్ అనే గుహలో 62 విడతల రాక్షసులను దాటాక, 63వ విడతలో జాడ్ అనే పెద్ద రాక్షసుడు ఒక్కడే వస్తాడు. ముందుకాళ్లు నేలకేసి కొడితే దూరదాడి, వెనకకాళ్ల మీద లేచి నిప్పు ముద్దను ఊదితే మంత్రదాడి. అది చూసిన వెంటనే ఆ దాడి నుంచి కాపాడే ప్రార్థనకు (ఆటలో ఒక రక్షణ శక్తి) మారాలి. తప్పితే ఒక్క దెబ్బకే ప్రాణం పోవచ్చు. అతని బలం సగానికి పడగానే గాయాలు మాన్పేవాళ్లు దిగుతారు, వాళ్లను మీ వైపు లాగుతూనే అతని కాళ్ల మీంచి చూపు తిప్పకూడదు. పింగ్ నిలకడగా లేని రోజున ఇది మొదలుపెట్టవద్దు. అయితే గుహలో ఉండగా లాగౌట్ నొక్కితే, నడుస్తున్న విడత పూర్తికాగానే ఆట మిమ్మల్ని బయటికి పంపి, తిరిగి వచ్చినప్పుడు అక్కడినుంచే కొనసాగిస్తుంది. షిఫ్టు మనిషికి ఇది పెద్ద వరం. జాడ్‌ను ఓడిస్తే దక్కే నిప్పు కేపు భుజాన వేసుకున్న రోజు కలిగే సంతోషం మాత్రం నిజమైనదే.

తాళంచెవి

డబ్బు విషయంలో కొన్ని జాగ్రత్తలు. జాగెక్స్ దగ్గర కొనే బాండ్ ఒకటి 14 రోజుల మెంబర్‌షిప్ ఇస్తుంది. దాన్నే ఆటలోని బంగారంతోనూ కొనుక్కోవచ్చు. బయటి వెబ్‌సైట్లలో బంగారం కొనడం మాత్రం నిబంధనలకు విరుద్ధం, ఖాతా పోతుంది. గ్రాండ్ ఎక్స్ఛేంజ్ దగ్గర నిలబడి "మీ నాణేలు రెట్టింపు చేస్తాం" అని అరిచేవారందరూ మోసగాళ్లే. కొత్తగా స్నేహం కలిపి విల్డర్‌నెస్ వైపు పిలిచేవారి వెంట విలువైన వస్తువులతో వెళ్లవద్దు, అక్కడ తోటి ఆటగాళ్లే మిమ్మల్ని చంపి దోచుకోవచ్చు. ఆటలోని బంగారాన్ని పందెం కాసే డ్యూయెల్ అరీనాను 2022లో తీసేశారు. అది ఎంతోమందికి వ్యసనమై కూర్చున్నది కాబట్టి చాలా మంచి పని జరిగిందని నా అభిప్రాయం. ఖాతాకు రెండంచెల రక్షణ, బ్యాంకుకు పిన్, ఈ రెండూ మొదటి రోజే పెట్టుకోండి.

మారే షిఫ్టు

అందరికీ ధన్యవాదాలు. నా చివరి ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

పిండిమర

దానికి నా జవాబు కొంచెం పొడవు. రోజును తినేసేది జాడ్ లాంటి కష్టమైన భాగం కాదు. అది ముగిశాక మనిషి అలసిపోయి తనంతట తానే లేస్తాడు. తినేసేది తేలిక భాగం. చెట్టు మీద ఒకసారి నొక్కి ఫోన్ పక్కన పెడితే పాత్ర నరుకుతూనే ఉంటుంది, అది ఆడుతున్నట్టే అనిపించదు గనుక భోజనం దగ్గరా, పిల్లలతో కూర్చున్నప్పుడూ, ఆఫీసు మీటింగులోనూ తెర వెలుగుతూనే ఉంటుంది. దీనికి తోడు లెవెళ్ల లెక్క ఒకటి ఉంది. ఒక నైపుణ్యంలో 99వ లెవెల్‌కు 1,30,34,431 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలి. అందులో సగం అయ్యేది 50 దగ్గర కాదు, 92 దగ్గర. 92 చేరినవాడు "ఇంకో ఏడే కదా" అనుకుంటాడు, కానీ అప్పటిదాకా చేసినంత పనీ మళ్లీ చేయాలి.

అందుకే లెవెల్‌ను లక్ష్యంగా పెట్టుకోవద్దనీ, క్వెస్ట్‌ను పెట్టుకోమనీ కొత్తవారికి గట్టిగా చెబుతాను. క్వెస్ట్‌కు కథ ఉంటుంది, ముగింపు ఉంటుంది, ముగిశాక లేచి వెళ్లవచ్చు. వ్యవసాయం కూడా మీ షిఫ్టుకు సరిపోతుంది: మూలికలు సుమారు 80 నిమిషాల్లో, మీరు లాగౌట్ అయి ఉన్నా పెరుగుతాయి.

సుగంధి (డాలస్)

పిండిమర గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర చెట్లు నరకడం నిషేధం, నాకైనా అంతే.

కొలిమి

మెంబర్‌షిప్ తీసుకున్న రోజున వాటర్‌ఫాల్ క్వెస్ట్‌తో మొదలుపెట్టండి. దీనికి ఏ నైపుణ్యమూ ముందుగా అక్కరలేదు. పూర్తిచేస్తే అటాక్, స్ట్రెంగ్త్ రెండింటికీ 13,750 చొప్పున ఎక్స్‌పీ వస్తుంది, అంటే రెండూ ఒకటి నుంచి 30కి చేరతాయి. తాడు, తినడానికి చేపలు, గాలి, నీరు, మట్టి రూన్లు (మంత్రాలకు వాడే రాళ్లు) 6 చొప్పున దగ్గర ఉంచుకోండి. క్వెస్ట్ మధ్యలో వచ్చే సమాధిలోకి ఆయుధాలు, కవచాలు, రూన్లు రానివ్వరు గనుక అక్కడికి వెళ్లే ముందు అవన్నీ బ్యాంకులో పెట్టండి. ఆ తర్వాత జలపాతం లోపలి గుహలో ఎదురయ్యే అగ్ని రాక్షసులతో పోరాడవద్దు, వాళ్లను తప్పించుకుని పరుగెత్తడమే.