అంతరిక్ష కేంద్రంలో పరిశోధనకు మిగిలే సమయం ఎంత?

ప్రశ్న (భౌతికశాస్త్ర విద్యార్థిని):
అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాముల దినచర్య గురించి చదువుతున్నాను. రోజూ రెండు గంటల వ్యాయామం, ఫిల్టర్లు శుభ్రం చేయడం, మరుగుదొడ్డి మరమ్మతు, సరుకుల లెక్క. ఇవన్నీ పోగా పరిశోధనకు మిగిలేది ఎంత? చాలా ప్రయోగాలను భూమి మీది నుంచే నడుపుతున్నారు కదా, మరి అక్కడి మనిషి చేసేది ఏమిటి?

జవాబు 1 (గగనవీక్షణం):
రోజుకు 16 సూర్యోదయాలు చూసే చోట గడియారం మాత్రం గ్రీనిచ్ సమయాన్నే పాటిస్తుంది. ఉదయం, సాయంత్రం నియంత్రణ కేంద్రాలతో సమావేశాలుంటాయి. మధ్యలోని పనులన్నీ నేల మీది బృందాలు నిమిషాల లెక్కన పేర్చినవే. తెర మీది పట్టికలో ఒక ఎర్ర గీత జరుగుతూ ఉంటుంది. పని వెనకబడితే వెంటనే తెలిసిపోతుంది.

జవాబు 2 (ల్యాబ్ టెక్నీషియన్):
పదహారేళ్లుగా రక్తపరీక్షలు చేస్తున్నాను, కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి చెబుతాను. ముందుగా, వ్యాయామాన్ని పరిశోధన లెక్కలోంచి తీసేయకండి. శరీరం బరువు మోయని చోట తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం వరకు సాంద్రత కోల్పోగలదు. దాన్ని ఎంతవరకు ఆపగలమో తేల్చేది ఆ రెండు గంటలే. అక్కడ వ్యోమగామే పరిశోధకుడు, వ్యోమగామే నమూనా.

ఇక రక్తం తీసే రోజు. ట్యూబులో ముందే శూన్యం ఉంటుంది కనుక రక్తం లోపలికి రావడానికి గురుత్వాకర్షణతో పనిలేదు. చిక్కంతా ఆ తర్వాతే. ఇక్కడ నేను దూదిని బల్ల మీద పెడితే అక్కడే ఉంటుంది. అక్కడ దూది, సూది మూత, చేతికి కట్టిన పట్టీ, వదిలిన ప్రతిదీ తేలిపోతుంది. అన్నింటినీ టేపుతోనో వెల్క్రోతోనో అంటించుకోవాలి. ట్యూబును ఎంతసేపు నిలబెట్టినా కణాలు అడుగుకు దిగవు, సెంట్రిఫ్యూజ్‌లో, అంటే ట్యూబులను గిరగిరా తిప్పి కణాలను వేరుచేసే యంత్రంలో, తిప్పాల్సిందే. సిరంజిలో బుడగ చేరితే వేలితో తట్టినా పైకి రాదు, అక్కడ ‘పైకి’ అన్నదే లేదు. ఆపైన ట్యూబును మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టి, భూమికి వచ్చే వ్యోమనౌక కోసం ఎదురుచూడాలి.

తిప్పడం ఆలస్యమైతే కణాల్లోని పొటాషియం సీరంలోకి, అంటే రక్తంలోని ద్రవ భాగంలోకి చేరి ఫలితం చెడుతుంది. అలాంటి నమూనాలను నేను ఎన్నోసార్లు పారేసి మళ్లీ తీశాను. వాళ్లకు ఆ వీలు లేదు. ప్రయాణంలో పదో రోజు రక్తం కావాలంటే పదో రోజునే తీయాలి. మనిషి చేసేది ఏమిటని అడిగారు. ఆ జాగ్రత్తే.

జవాబు 3 (దహనశాస్త్రం):
నియంత్రణ అంతా నేల మీదే ఉన్నా, ప్రయోగం అక్కడే జరగాలి. వేడిగాలి పైకి లేవదు కాబట్టి అక్కడి జ్వాల గుండ్రంగా ఉంటుంది. ఇంధన బిందువులను మండించి చూసిన ప్రయోగాల్లో, మంట ఆరిపోయాక కూడా కంటికి కనబడని ‘చల్లని జ్వాల’తో అవి మండుతూనే ఉన్నట్టు 2012లో ప్రకటించారు. అది ఎవరూ ఊహించని ఫలితం.

విద్యార్థిని:
బుడగ సంగతి నాకు తట్టనేలేదు. మరి దాన్ని తొలగించేది ఎలా?

ల్యాబ్ టెక్నీషియన్:
సిరంజిని చేత్తో పట్టుకుని గుండ్రంగా విసిరినట్టు తిప్పితే ద్రవం అంచుకు చేరుతుంది, గాలి లోపలి వైపు మిగులుతుంది. చెయ్యే సెంట్రిఫ్యూజ్.