ఖాళీ నిమిషాలను కూడా పనిలో పెట్టాలా?

లెక్కలమాస్టారు:
లిఫ్టు కోసం రెండు నిమిషాలు, బస్సులో అరగంట, డాక్టరు పిలిచేదాకా ముప్పావుగంట. ఇదంతా వృథాగా పోయే సమయమే అని నా వాదన. రోజుకు ఒక్క గంట వేసుకున్నా ఏడాదికి 365 గంటలు. ఎనిమిది గంటల పనిదినాల లెక్కన 45 రోజులకు పైమాటే! చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక కొత్త భాషే నేర్చుకోవచ్చు. "మనసుకు విశ్రాంతి కావాలండీ" అనేవాళ్లు కూడా ఆ గంటను చివరికి రీల్స్‌కే ధారపోస్తున్నారు. కాదంటారా?

నిదానం:
లెక్క సరే మాస్టారూ, కానీ ఆ గంట ఒక్కచోట దొరకదు కదా. పోగేసేటప్పుడు గంట, వాడుకునేటప్పుడు ముక్కలు. ముక్క ముక్కకీ మనసు ఒకటి వదిలి ఇంకోటి పట్టుకోవాలి. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని మీదే రాశారు: ఒక పని సగంలో వదిలి ఇంకో పనిలోకి వెళ్తే ధ్యాస కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుంది, కొత్త పని ఆ మేరకు దెబ్బతింటుంది. ఒక మీటింగ్‌లోంచి లేచి, కారిడార్‌లో నడుస్తూ పాఠం వింటూ, ఇంకో మీటింగ్‌లో కూలబడే మనిషిని గమనించండి. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు "ఆఁ?" అంటారు. చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి "ఇంకోసారి చెప్తారా?" అంటారు. పాఠమూ ఎక్కలేదు, మీటింగూ ఎక్కలేదు. అంతకన్నా కాసేపు ఊరికే కూర్చుని మనసుకు విశ్రాంతినివ్వడమే నయం.

రాత్రిబడి:
ఉద్యోగం, ఇల్లు, పరీక్షలు మూడూ నెత్తిన ఉన్నదాన్ని. నా చదువంతా బస్సులోనే. పిల్లాడు పడుకున్నాక పుస్తకం తెరిస్తే రెండో పేజీకే కళ్లు వాలిపోతాయి. "కాసేపు ఊరికే కూర్చోండి" అనే సలహా బాగానే ఉంటుంది, రోజులో ఇంకెక్కడో తీరిక ఉన్నవాళ్లకి.

పక్కబెంచి:
రాత్రిబడి గారికే నా ఓటు.

లెక్కలమాస్టారు:
ఊరికే కూర్చుంటే హాయి అన్నదే నేను ఒప్పుకోను. కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే పరిశోధకులు 2010లో 'సైన్స్' పత్రికలో రాసింది చూడండి. ఫోన్‌లో మధ్యమధ్య పలకరించి "ఇప్పుడేం చేస్తున్నారు, మనసెక్కడుంది" అని జనాన్ని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేసే పని మీద లేదు. అలాంటప్పుడు వాళ్లు సంతోషంగానూ లేరు. అదే పత్రికలో 2014లో ఇంకోటి వచ్చింది. 15 నిమిషాలు గదిలో ఒంటరిగా ఆలోచించుకుంటూ కూర్చోమన్నారు, పక్కన కరెంటు షాకిచ్చే మీట పెట్టారు. 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు తమకు తామే షాకిచ్చుకున్నారు! మీరు చెప్పే విశ్రాంతి ఇదేనా?

నిదానం:
షాక్ సంగతి చదివి నవ్వాగలేదు. కానీ మొదటిది నా వైపు సాక్ష్యమే అనుకుంటాను. చేసే పని ఒకచోట, మనసు ఒకచోట ఉంటే బాగుండదని కదా అది చెప్పేది? నడుస్తూ పాఠం వినడం కూడా అలాంటిదే. రెండోది చూస్తే, ఊరికే కూర్చోవడం మనలో చాలామందికి చేతకాదని మాత్రం తెలుస్తోంది. అంతమాత్రాన అది పనికిరానిదని తేలదు.

రీల్స్ గురించి మాస్టారు అన్నది మాత్రం నిజం. పేజీకి అడుగన్నదే లేకుండా కిందికి జారుతూనే ఉండే పద్ధతిని 2006లో తయారుచేసిన ఏజా రాస్కిన్, తర్వాత దాని గురించి బహిరంగంగానే బాధపడ్డాడు. ఆగడానికి ఒక చోటంటూ లేకపోతే చెయ్యి ఎక్కడ ఆగుతుంది? అందుకే ఖాళీ అంటే నా ఉద్దేశం ఫోన్ సంచిలో ఉన్న ఖాళీ. డాక్టరు దగ్గర నా పేరు పిలిచేదాకా బయటికి తీయను. మొదటి ఐదు నిమిషాలు చిరాగ్గానే ఉంటుంది, దాచడమెందుకు. ఆ తర్వాత జవాబివ్వని ఉత్తరం గుర్తొస్తుంది, పొద్దున పంపిన రిపోర్టులో తేడాగా ఉన్న అంకె తడుతుంది. పనిలో తలమునకలుగా ఉన్నప్పుడు ఇవి తట్టవు.

లెక్కలమాస్టారు:
అంటే చివరికి మీరూ ఆ సమయాన్ని పనికే వాడుతున్నారన్నమాట!

నిదానం:
రమ్మనకుండా వస్తే కాదంటానా?

రాత్రిబడి:
సరే, నిన్న ఇంటికొచ్చేటప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోలేదు. స్టాప్ వచ్చేదాకా నిద్రపోయాను. ఇది ఎవరి ఖాతాలో వేస్తారో మీరే తేల్చుకోండి. పరీక్షలయ్యేదాకా నేను మాస్టారి పక్షమే.